గోవిందరావు గారి ఎర్ర ట్యాగ్

జెన్నీకి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: లిల్లీకి ఊపిరందని పూట బండి స్టార్ట్ కాకపోవడం. దొంగలంటే ఆమెకి భయం లేదు. పాములంటే ఒక మాదిరి. అత్తగారంటే అలవాటైపోయింది. ఈ ఒక్క భయం మాత్రం అన్నం కలుపుతున్నా, బట్టలు పిండుతున్నా, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా పక్కనే చతికిలబడి ఉంటుంది. లిల్లీకి మూడేళ్ళు. చలిగాలి తగిలితే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. పీల్పించే మందు ఇంట్లోనే ఉంది గానీ ఒక్కోసారి దానికి లొంగదు. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి. పరిగెత్తడానికి ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బండి.

ఆ బండి సంగతికి వచ్చేముందు ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఈ భిలాయి ఉక్కు నగరంలో ఒక యంత్రం ఆగిందంటే అది ఆ యంత్రం కొనుక్కున్నవాడి సొంత వ్యవహారం కాదు. మిగతా ఊళ్ళలో బండి ఆగితే మెకానిక్ దగ్గరికి తోసుకుపోతారు. భిలాయిలో బండి ఆగితే దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. బ్రేక్‌డౌన్‌కి విచారణ ఉంటుంది, విచారణకి కమిటీ ఉంటుంది, కమిటీకి టీ ఉంటుంది. (టీ ఏ రోజూ బ్రేక్‌డౌన్ కాలేదు. ఆ విభాగం జెన్నీది.)

బండి మామగారు కొర్నేలిది. ఆయన ప్లాంటులో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్నారు. రిటైరయ్యాక కొడుకు ఎబెన్‌కి ఇచ్చారు, తాళంచెవి మాత్రం తన జేబులోనే ఉంచుకున్నారు. దానికి కిక్ ఉంది గానీ లోపల పళ్ళరిగిపోయాయి. తొక్కితే మర్యాదకి కిందికి దిగి, ఏమీ జరగనట్టు మళ్ళీ పైకొస్తుంది. కాబట్టి బండి ప్రాణమంతా కుడిచేతి బొటనవేలి కింద ఉండే సెల్ఫ్ బటన్‌లోనే ఉంది. ఒక చలిపొద్దున ఎబెన్ నందిని సున్నపురాయి గనుల్లో డ్యూటీకి బయల్దేరుతూ ఆ బటన్ నొక్కాడు. బండి టిక్ అంది. ఇంకేమీ అనలేదు. మళ్ళీ నొక్కినా లాభం లేకపోయింది. ఎబెన్ గనుల బస్సు పట్టుకుని వెళ్ళిపోయాడు. జెన్నీ గుమ్మంలో నిలబడి బండినీ, లోపల దగ్గుతున్న పిల్లనీ మార్చి మార్చి చూసింది.

సాయంత్రానికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు పడ్డాయి. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. మధ్య కుర్చీలో మనోహర్ గారు కూర్చున్నారు. ఆయన ప్లాంటు సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు వీధి వాహనాల షట్‌డౌన్ సమన్వయకర్త. ఈ పదవి ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ కాదనలేదు కూడా. (ఉక్కు నగరంలో పదవి రావడానికి రెండోది చాలు.) ఆయన పక్కన రాజాబాబు, రోలింగ్ మిల్లులో క్రేన్ నడుపుతాడు. మిగిలినవాళ్ళు షిఫ్టుని బట్టి మారుతుంటారు.

విచారణ సాక్షితో మొదలైంది. సాక్షి జెన్నీ.

"బటన్ నొక్కినప్పుడు ఏటి సప్పుడొచ్చిందమ్మా?" అన్నారు మనోహర్ గారు.

"టిక్ అంది, అంకుల్."

"ఒక్క టిక్కా, వరసగా టిక్కులా? తొందర్లేదు, ఆలోచించుకుని సెప్పు. దీని మీద శానా ఆధారపడుంది."

నిజంగానే ఆధారపడి ఉంది. ఒక్క టిక్ అని ఊరుకుంటే, కరెంటు రిలే అనే చిన్న డబ్బా దాకా వచ్చి, అక్కణ్ణుంచి మోటారుకి అందడం లేదని అర్థం. టిక్‌టిక్‌టిక్ అని వణికితే బ్యాటరీలో సత్తువ లేదని అర్థం. అసలేమీ అనకపోతే ఫ్యూజో, క్లచ్ దగ్గరి స్విచ్చో చూడాలి. ఇంతవరకూ శాస్త్రమే. జెన్నీ నిజాయితీగా, మొదటిసారి ఒక టిక్ విన్నాననీ, ఎబెన్ రెండోసారి నొక్కితే చాలా టిక్కులు విన్నాననీ చెప్పింది. అంతటితో కమిటీ రెండు ముక్కలైంది. ఒంటిటిక్కు వర్గం రిలే మార్చాలంది. పలుటిక్కు వర్గం బ్యాటరీ మార్చాలంది. లిల్లీ వరండా మెట్టు మీద కూర్చుని, బండి చేసిన శబ్దాన్ని నోటితో అచ్చు గుద్దినట్టు చేసి చూపించింది గానీ, సాక్షికి వయసు చాలదని ఆ వాంగ్మూలాన్ని పక్కన పెట్టారు.

పవర్‌హౌస్ బజార్లో ఒక మెకానిక్ ఉన్నాడు కదా, తోసుకెళ్తే పూటలో చూసిస్తాడు కదా అని జెన్నీ మెల్లిగా అంది. కుర్చీలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి. ఇలా అనే ప్లాంటులో ఒక్కొక్క పనీ బయటి కాంట్రాక్టుకి పోయిందనీ, ఇంటి బండిని కూడా కాంట్రాక్టుకి ఇచ్చేస్తే ఇంక పర్మనెంటుగా మిగిలేది ఏమిటనీ మనోహర్ గారు బాధపడ్డారు. అందరూ తలలూపారు. గనుల్లో కాంట్రాక్టు కార్మికుడైన ఎబెన్ కూడా మర్యాద కోసం తలూపాడు.

తర్వాతి రోజుల్లో పని ప్లాంటు పద్ధతిలోనే, షిఫ్టుల వారీగా సాగింది. ఎ షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళు బ్యాటరీ వైరు నట్టు బిగించారు. బి షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు అది బిగిందో లేదో చూడ్డానికి విప్పారు. సి షిఫ్టువాళ్ళు విప్పి ఉన్న నట్టుని చూసి, లోపం దొరికిందని సంతోషించారు. రాజాబాబు బ్యాటరీని తన ఇంటికి తీసుకెళ్ళి చార్జింగు పెట్టి, దానికి నలత తగ్గిందని తిరిగి తెచ్చాడు. ఒంటిటిక్కు వర్గం పెద్దాయనొకరు రిలేని స్పానరు పిడితో మూడు పూటలా తట్టారు. అత్తగారు లూసీ బండి దగ్గర ఒక ప్రార్థన పెట్టుకుందామన్నారు. పెట్టుకోవచ్చు గానీ కారణం తేలాక పెట్టుకోవాలనీ, కారణం తేలకుండా బాగైతే మళ్ళీ అలాగే చెడుతుందనీ మనోహర్ గారు సెలవిచ్చారు.

ఆ మాట ఉత్తినే అన్నది కాదని ఆదివారం తెలిసింది. ఆ రోజు చర్చి నుంచి వచ్చిన ఎబెన్, కుర్చీలవాళ్ళు ఇంకా రాలేదు కదా అని ఊరికే బటన్ నొక్కాడు. బండి స్టార్టయింది. పొగ వదులుతూ, తెల్ల చొక్కా మీద మసి చల్లుతూ, బ్రహ్మాండంగా స్టార్టయింది. జెన్నీ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆ శబ్దం విని మనోహర్ గారు కూడా లుంగీ సర్దుకుంటూ వచ్చారు.

"ఆపెయ్ బాబూ. కారణం తేల్నేదు కదా."

ఎబెన్ ఆపేశాడు. (పెద్దాయన మాట. పైగా చర్చి బట్టలు.) మళ్ళీ నొక్కితే టిక్ అంది. కారణం లేకుండా స్టార్టయిన ఈ సంఘటనని కమిటీ అసలు బ్రేక్‌డౌన్ కన్నా తీవ్రమైనదిగా పరిగణించి, గోవిందరావు గారిని పిలవాలని తీర్మానించింది.

గోవిందరావు గారు ప్లాంటులో ఎలక్ట్రికల్ మనిషి. ఇంకా సర్వీసులోనే ఉన్నారు. వాళ్ళ క్వార్టరు కూడా ఈ సెక్టర్ 4లోనే, స్కూలు వెనకగోడ పక్క వీధిలో. భార్య సూర్యావతి గారు కూతురి పురిటికని విజయనగరం వెళ్ళడంతో, ఆయన క్యాంటీన్ భోజనం మీద బతుకుతున్నారు. ఆయనకి ఊళ్ళో రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి, కరెంటు ఎక్కడ ఆగిందో ఒక బల్బూ రెండు వైరు ముక్కలూ పెట్టి చెప్పేస్తారని. రెండోది, ట్యాగ్ కట్టకుండా ఏ పనీ మొదలుపెట్టరని.

ఈ ట్యాగ్ అంటే ఏమిటో ప్లాంటు ముఖం చూడనివాళ్ళకి చెప్పాలి. ఏదైనా మిషను బాగుచెయ్యాలంటే ముందు దానికి కరెంటు తీసేస్తారు. తీసేసిన చోట ఎర్ర అట్టముక్క ఒకటి వేలాడదీస్తారు. దాని మీద ‘పని జరుగుతోంది, ముట్టరాదు’ అని రాసి, కింద కట్టినవాడి పేరు పెడతారు. ఆ ట్యాగ్‌ని కట్టినవాడే విప్పాలి. జనరల్ మేనేజరొచ్చినా విప్పకూడదు, మంత్రిగారొచ్చినా విప్పకూడదు. ఉక్కు నగరంలో దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఉన్నారు గానీ ట్యాగ్‌ని నమ్మనివాళ్ళు లేరు. గోవిందరావు గారైతే ఈ భక్తిని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. ఒకసారి ఆయన మిక్సీకి ట్యాగ్ కట్టి డ్యూటీ మీద డ్యూటీ పడి ఇంటికి రాకపోతే, సూర్యావతి గారు అన్నాళ్ళూ పచ్చడి రోట్లోనే నూరారు. మిక్సీలో ఏమీ చెడలేదని తర్వాత తెలిసింది. అయినా ఆవిడ ట్యాగ్ ముట్టుకోలేదు.

ఆయన వచ్చి, కుర్చీ వద్దని, బండి పక్కన గొంతుక్కూర్చున్నారు. ఎప్పుడూ లేనిది ఎడంచెయ్యి రుద్దుకుంటూ కూర్చున్నారు. బల్బు పెట్టి చూశారు. బ్యాటరీ బాగుందన్నారు (పలుటిక్కు వర్గం మొహం మాడ్చుకుంది). రిలే బాగుందన్నారు (ఒంటిటిక్కు వర్గం మొహం మాడ్చుకుంది). చట్రానికి బిగించే ఎర్తు వైరు తుప్పు పట్టిందనీ, అదొకప్పుడు తగిలి ఒకప్పుడు తగలక ఆట ఆడుతోందనీ, గీకి, వైరు చివర కొత్త రాగి కొస వెయ్యాలనీ చెప్పారు. కొస ఆయన ఇంట్లో ఉందట. బ్యాటరీ వైరు విప్పి, ఫ్యూజు పీకి, సంచీలోంచి ఎర్ర ట్యాగ్ తీసి హ్యాండిల్‌కి కట్టారు. జెన్నీ టీ ఇచ్చింది. ఆయన సగం తాగి, ఆయాసంగా ఉందని గ్లాసు మెట్టు మీద పెట్టేశారు.

"రేపొచ్చేస్తాన్లే తల్లీ. పది నిమిషాల పని," అని వెళ్ళిపోయారు.

రేపు వచ్చింది. గోవిందరావు గారు రాలేదు. ఎల్లుండి కూడా అంతే.

కమిటీ మాత్రం రోజూ వచ్చింది. ట్యాగ్ కట్టిన యంత్రానికి దూరంగా కూర్చోవాలి కాబట్టి కుర్చీలు మెట్ల కిందికి జరిగాయి. బండి చుట్టూ తాడు కట్టారు. అత్తగారు ఆ తాడు మీద పిల్ల గౌన్లు ఆరేస్తే, హెచ్చరిక తాడుని బట్టలకి వాడరాదని మనోహర్ గారు తీసేయించారు. లూసీ గారికి కోపమొచ్చింది.

"ఏటి బాబూ, ఇది బండేటి, సమాధేటి?"

గోవిందరావు గారి ఫోను స్విచ్చాఫ్ వస్తోంది. కరెంటాయన ఫోనుకే చార్జింగు లేదని రెండు రోజులు నవ్వుకున్నారు. ఆయన డ్యూటీకి కూడా రావడం లేదని మూడోనాడు రాజాబాబు వార్త తెచ్చాడు. అది విని కమిటీ నిశ్చింతపడింది. డ్యూటీకి రాలేదంటే ఊరెళ్ళినట్టే, ఊరెళ్తే వస్తాడు, వస్తే విప్పుతాడు. మనవడో మనవరాలో పుట్టుంటారనీ, దుర్గ్ స్టేషన్లో సంచీతో రైలెక్కుతూ కనిపించాడనీ కూడా అనుకున్నారు. జెన్నీ చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. పెద్దవాళ్ళు ఇంతమంది కూర్చుని ఒక మాట అనుకున్నారంటే అది నిజమే అయ్యుంటుందని ఆమె నమ్మకం. ఆమె టీ పెట్టింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం లిల్లీకి పిల్లికూతలు మొదలయ్యాయి. జెన్నీ మందు పీల్పించింది. తగ్గలేదు. మళ్ళీ పీల్పించింది. పిల్ల పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది, పెదాల రంగు మారుతోంది. జెన్నీ పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చింది. కొర్నేలి అప్పటికే తాళంచెవి తీసి, తాడు దాటి, బండి దగ్గరికి వెళ్ళారు. ఒక చేతిలో స్పానరు ఉంది. రెండో చెయ్యి ట్యాగ్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మామయ్యా, విప్పండి," అంది జెన్నీ.

కొర్నేలి స్పానరు కింద పెట్టేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ వేళ్ళు మాత్రం ఆ దారాన్ని ముట్టుకోలేదు.

"వేరేవోడి ట్యాగ్ మీద చెయ్యెయ్యలేనమ్మా. సర్వీసంతా ఎయ్యలేదు."

కమిటీ మొత్తం లేచి నిలబడింది. ఇలాంటి అత్యవసరంలో ట్యాగ్‌ని విప్పే అధికారం కట్టినవాడి పై అధికారికి ఉంటుందనీ, అది కూడా రాతపూర్వకంగా ఉండాలనీ మనోహర్ గారు గుర్తుచేశారు. ఆ పై అధికారి ఎవరు, గోవిందరావు ఇప్పుడు ప్లాంటులో ఏ షాపులో, అంటే ఏ విభాగంలో ఉన్నాడు అన్న చర్చ మొదలైంది. ఇదంతా జరుగుతున్నప్పుడు గేటు బయట కమిటీ సభ్యుల స్కూటర్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ స్టార్టవుతాయి. అన్నిట్లో పెట్రోలుంది. ఈ విషయం కాసేపటిదాకా కమిటీ దృష్టికి రాలేదు, ఎందుకంటే ఆ స్కూటర్ల మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

"ఎవరిదైనా బండి తియ్యండి బాబూ," అంది జెన్నీ. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానమొచ్చింది.

రాజాబాబు ఉలిక్కిపడి, తనకి స్కూటరు ఉన్న సంగతి అప్పుడే తెలిసినవాడిలా గేటు వైపు పరిగెత్తాడు.

ఆస్పత్రిలో లిల్లీ మొహానికి ఆవిరి మందు మాస్కు పెట్టారు. మెల్లిగా ఎముకల మధ్య లాగడం తగ్గింది, పెదాలు మళ్ళీ పెదాల రంగుకొచ్చాయి. రేపు పొద్దున దాకా ఉంచాలన్నారు డాక్టరు. లిల్లీ మాస్కులోంచే రాజాబాబు మీసాన్ని చూసి నవ్వింది. జెన్నీకి ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చింది. ఏడుపు అయ్యాక, పెద్ద భయం ఒకటి గట్టెక్కినందువల్ల కాబోలు, బుర్రలో కొంచెం ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది.

"భయ్యా, అసలా ట్యాగ్ ఎందుకు కడతారు?"

"లోపల మనిషి ఉన్నాడని చెల్లీ. తెలియకుండా ఎవడైనా కరెంటు ఇచ్చేస్తే ఆ మనిషి చచ్చిపోతాడు. అందుకే ముట్టుకోం."

"మరి మనిషేడి?"

విజయనగరం ఎల్లాడు కదా అన్నాడు రాజాబాబు. ఎవరు చూశారంది జెన్నీ. దుర్గ్ స్టేషన్లో చూసినట్టు మనోహర్ గారు చెప్పారన్నాడు. జెన్నీ మనోహర్ గారికి ఫోన్ చేసింది. ఆయన తాను చూడలేదనీ, చూసినట్టు రాజాబాబు చెప్పాడనీ చెప్పారు. రాజాబాబు తన మీసం సవరించుకుని గోడ వైపు చూశాడు.

జెన్నీ ఇంటికి ఫోన్ చేసి, అత్తగారిని అడిగి సూర్యావతి గారి నంబరు తీసుకుని ఆవిడకి చేసింది. అవతల పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది.

"ఆయనిక్కడికి రానేదు తల్లీ," అన్నారు సూర్యావతి గారు. "ఫోనూ కలవట్లేదు. డబల్ డ్యూటీలు సేత్తన్నారేమో అనుకున్నాను. మనవరాలు పుట్టిందని ఎవరితోటైనా కబురెట్టగలవా?"

పెడతానంది జెన్నీ. ఫోను పెట్టేశాక ఆమెకి సగం తాగి వదిలేసిన టీ గుర్తొచ్చింది. చెయ్యి రుద్దుకోవడం గుర్తొచ్చింది. మళ్ళీ మనోహర్ గారికి చేసింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఇది గంభీరమైన విషయమనీ, రేపటి సమావేశంలో మొదటి అంశంగా పెడతామనీ హామీ ఇచ్చారు. అత్తగారు ఈలోగా ప్రార్థనలో కూర్చున్నట్టున్నారు, ఫోను ఎత్తలేదు. మామగారూ ఎత్తలేదు. ఎబెన్ గనిలో ఉన్నాడు, అక్కడ సిగ్నలు ఉండదు. రాజాబాబుకి బి షిఫ్టు వేళ దాటిపోయింది, గేటు మూసేస్తారు. డ్యూటీ దిగాక తప్పకుండా చూస్తానని ప్రమాణం చేసి పరిగెత్తాడు. జెన్నీ ఒడిలో లిల్లీ ఉంది, లిల్లీ మొహం మీద మాస్కు ఉంది, మాస్కుకి గోడలోంచి వచ్చే గొట్టం ఉంది. ఆమె కదల్లేదు.

కాబట్టి ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఇప్పుడు సెక్టర్ 4 వైపు వెళ్తుంటే, దయచేసి స్కూలు వెనకగోడ పక్క వీధిలోకి తిరగండి. చివరి నుంచి రెండో క్వార్టరు, నీలం గేటు. గోవిందరావు గారూ అని పిలవండి. పలికితే మనవరాలు పుట్టిందని చెప్పండి, బండి సంగతి ఎత్తకండి. పలక్కపోతే కమిటీకి కబురు పెట్టకండి, తలుపు బద్దలు కొట్టండి. ఆ తలుపుకి ఎవరూ ట్యాగ్ కట్టలేదు.